తులం లెక్క, తరుగు లెక్క

మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే పంజాగుట్ట చౌరస్తా దాటడం కష్టం. ఫ్లైఓవర్ దిగిన దగ్గర్నుంచి సోమాజిగూడ మలుపు దాకా బంగారు దుకాణాల ముందు కార్లు, ఆటోలు, చేతిసంచులు గట్టిగా పట్టుకున్న పెళ్ళివారు. జోయాలుక్కాస్ ఇక్కడే. కొంచెం ముందుకు పోతే సోమాజిగూడలో మలబార్ గోల్డ్ వారి భారీ షోరూం. ఇటు అమీర్‌పేట వైపు తిరిగినా ఒకటి తర్వాత ఒకటి నగల కొట్లే. లోపల ఎర్ర మఖమల్ తట్టలో గొలుసు పెట్టి, సేల్స్ కుర్రాడు కాలిక్యులేటర్ తిప్పి చూపిస్తాడు.

"తరుగు పద్నాలుగు శాతం పడుతుందమ్మా."

"అంతా? కాస్త చూసి వెయ్యి బాబూ."

"మేనేజర్ గారిని అడిగి చెప్తానమ్మా."

లెక్క ఇలా ఉంటుంది. గొలుసు ఇరవై గ్రాములు, 22 క్యారెట్ల ధర గ్రాముకు తొమ్మిది వేలు అనుకుందాం. బంగారానికి 1,80,000. పద్నాలుగు శాతం తరుగు 25,200. మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ 6,156. బిల్లు 2,11,356 రూపాయలు. చిన్న కాగితమే. కానీ బంగారం ధరలో దిగుమతి సుంకం కలిసి ఉంది. '22 క్యారెట్లు' అన్న మాటకు పూచీ ఇచ్చేది హాల్‌మార్క్ చట్టం. తరుగు మాత్రం దుకాణానికీ కొనేవారికీ మధ్య బేరం, అందులో సర్కారు చెయ్యి లేదు. సుంకం పెరిగీ తగ్గీ ఇప్పటి స్థితికి వచ్చింది. హాల్‌మార్క్ ఆలస్యంగా వచ్చింది. తరుగు మీద ఇంతవరకూ ఏ నిబంధనా రాలేదు.

ఒక సరుకు మీద సర్కారు ఆంక్షలు ఎత్తేస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఆర్థికవేత్తలకు పాతదే. అమ్మేవాళ్ళు పెరుగుతారు, పోటీ వస్తుంది, ధర తగ్గుతుంది అన్నది పాఠ్యపుస్తకంలోని జవాబు. ఆ మాట నిజమే, కానీ ఎన్నేళ్ళకు, ఎవరికి, మధ్యలో ఎవరి పొట్ట కొట్టి అన్న విషయాలు అందులో ఉండవు. వాటిని తేల్చడానికి పంజాగుట్ట బంగారు బజారును మించిన చోటు హైదరాబాదులో లేదు. దేశంలో మరే సరుకూ చూడనంత కట్టడిని బంగారం చూసింది, ఆ కట్టడి ఒక్కసారిగా రద్దయింది, ముప్పై ఏళ్ళ తర్వాత వేరే రూపంలో కొత్త నియమం వచ్చింది. ఆంక్షలు పెట్టడం, ఎత్తెయ్యడం, మళ్ళీ పెట్టడం, ఈ మూడు దశలూ ఒకే సరుకులో కనిపిస్తాయి.

చైనా యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, 1963 జనవరిలో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ గోల్డ్ కంట్రోల్ నిబంధనలు తెచ్చారు. పద్నాలుగు క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చెయ్యడం నేరమైంది. జనానికి బంగారం మీద మోజు తగ్గితే దొంగ దిగుమతి తగ్గుతుంది, విదేశీ మారకం మిగులుతుంది అన్నది ఆలోచన. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నుంచే దిగుమతి మూసేశారు కాబట్టి దేశంలోకి కొత్తగా వచ్చేదంతా దొంగచాటు సరుకే. పద్నాలుగు క్యారెట్ల పుస్తెలు కట్టించుకోవడానికి తెలుగిళ్ళలో ఎవరు ఒప్పుకుంటారు? మోజు తగ్గలేదు, పని మాత్రం ఆగిపోయింది. కంసాలి కుటుంబాలు రోడ్డున పడ్డాయి. దేశమంతటా స్వర్ణకారుల ఆత్మహత్యల వార్తలు పార్లమెంటును కుదిపేశాయి. 1966లో క్యారెట్ల నిబంధన సడలించారు గానీ, 1968లో గోల్డ్ కంట్రోల్ చట్టం పూర్తిస్థాయిలో వచ్చి కూర్చుంది. బిస్కెట్లు, కడ్డీలు మామూలు మనిషి దగ్గర ఉండకూడదు. నగలు మనిషికి రెండు కిలోలు, కుటుంబానికి నాలుగు కిలోలు దాటితే సర్కారుకు చెప్పుకోవాలి. వ్యాపారికి లైసెన్సు, కంసాలికి సర్టిఫికెట్, ఇద్దరికీ రిజిస్టర్లు, ఇన్‌స్పెక్టర్లు.

1990 జూన్‌లో వి.పి. సింగ్ ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసింది. మధు దండవతే అప్పటి ఆర్థికమంత్రి. దేశం దివాలా అంచుకు చేరడానికి ఏడాది ముందు సంగతి ఇది. పి.వి. నరసింహారావు పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చింది 1991 జులై 24న. పరిశ్రమల శాఖ ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి లైసెన్సు అక్కర్లేదని ఆ పత్రం చెప్పింది. బంగారం తలుపు అంతకు ముందే తెరుచుకుంది, కానీ సగమే. దిగుమతి ఇంకా మూసే ఉంది. 1992లో విదేశాల నుంచి వచ్చే భారతీయులు సుంకం కట్టి ఐదు కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. 1997లో బ్యాంకులకు నేరుగా దిగుమతి చేసుకునే వీలిచ్చారు. గల్ఫ్ నుంచి వచ్చే కరీంనగర్, నిజామాబాద్, కడప కుర్రాళ్ళ పెట్టెల్లోని బిస్కెట్లకు చట్టబద్ధత వచ్చింది ఆ 1992 సడలింపుతోనే.

ఇక్కడ పాఠకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. బంగారం ధర తగ్గలేదు. 1990లో పది గ్రాములు మూడువేల పైచిలుకు, 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. దాన్ని చూపి ఆంక్షలు ఎత్తేసినందువల్ల ఏం లాభం అని అడిగేవాళ్ళున్నారు. లోహం ధర లండన్ బజారు, రూపాయి విలువ కలిసి తేల్చే అంకె. కంట్రోల్ ఎత్తెయ్యడం వల్ల కరిగింది లండన్ ధరకూ బొంబాయి ధరకూ మధ్య ఉన్న ఎడం, అంటే దొంగ రవాణా చేసేవాడి లాభం. ఆ ఎడం దేశంలో ప్రతి పుస్తెలతాడు మీదా పడ్డ కనిపించని పన్ను, అది ఖజానాకు ఒక్క రూపాయి కూడా చేరలేదు. దాన్ని పోగొట్టడమే ఈ సంస్కరణ చేసిన మొదటి మేలు. అది త్వరగానే కనిపించింది.

రెండో మేలు, అంటే పోటీ పెరగడం వల్ల వచ్చేది, రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ప్రపంచ అనుభవమూ ఇదే చెబుతోంది. ఒలివియే బ్లాంషార్, ఫ్రాన్సెస్కో జవాత్సీ 2003లో రాసిన ప్రసిద్ధ పత్రంలో సరుకు మార్కెట్‌లో పోటీ పెరిగితే కాలక్రమంలో నిజ వేతనాలు, ఉద్యోగాలు పెరుగుతాయని, అయితే పోటీ లేని రోజుల్లో ఆ లాభంలో వాటా అనుభవించినవాళ్ళు ముందుగా నష్టపోతారని తర్కించారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2016 ఏప్రిల్ నివేదికలో సంపన్న దేశాల అనుభవాన్ని కూడగట్టి చూస్తే, సరుకు మార్కెట్ల సంస్కరణలు కొద్దికాలంలోనే కొంత ఫలితమిస్తాయని, కార్మిక చట్టాల మార్పుల సంగతి మాత్రం అప్పటి ఆర్థిక పరిస్థితిని బట్టి ఉంటుందని తేలింది. మన దేశం మీద ఫిలిప్ అగియోన్, రాబిన్ బర్జెస్, మరో ఇద్దరు 2008లో చేసిన అధ్యయనం ఇంకో మెలిక చూపింది. లైసెన్సులు దేశమంతా ఒకేసారి పోయినా ఫలితం ఒకేలా రాలేదు. కార్మిక చట్టాలను యజమానులకు అనుకూలంగా సవరించుకున్న రాష్ట్రాల్లో పరిశ్రమలు ఎక్కువ పెరిగాయి. ఆ వర్గీకరణలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు రాష్ట్రాల సరసనే ఉంది.

ఆ పెరుగుదల కింద నలిగినవాటిని చూడాలంటే అమీర్‌పేట నుంచి మెట్రో ఎక్కి ఎర్రగడ్డ వైపు పోతే చాలు. సనత్‌నగర్, ఎర్రగడ్డ ప్రాంతం ఒకప్పుడు హైదరాబాద్ ఆల్విన్‌ది. 1942లో పుట్టిన ఆ సంస్థ ఫ్రిజ్‌లు చేసింది, బస్సుల బాడీలు కట్టింది, చేతిగడియారాలు తయారుచేసింది. తెలుగిళ్ళలో తొలి ఫ్రిజ్ ఆల్విన్‌దే అయిన కుటుంబాలు ఎన్నో. 1990ల మొదట్లో ఫ్రిజ్ విభాగం వోల్టాస్‌లో కలిసింది. కొద్ది ఏళ్ళకే శాంసంగ్, ఎల్‌జీ, వర్ల్‌పూల్ దిగాయి. ఫ్రిజ్ నాణ్యత పెరిగింది, రకాలు పెరిగాయి, మధ్యతరగతి దాటి కింది ఇళ్ళకూ చేరింది. ఆల్విన్ పేరు కూకట్‌పల్లి దగ్గర ఒక కాలనీకీ, మియాపూర్ దగ్గర ఒక చౌరస్తాకూ మిగిలింది. ఫ్రిజ్ కొన్న కోటిమందికి వచ్చిన లాభం ఎక్కువే. కానీ ఆ లాభంలోంచి సనత్‌నగర్ కార్మికుడికి ఒక్క పైసా పంచే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. సంస్కరణల మీద జనానికి ఇప్పటికీ ఉన్న అనుమానం అక్కడ పుట్టిందే, దాన్ని తెలియనితనమని కొట్టిపారెయ్యడం అన్యాయం.

అయితే తలుపు తెరిచాక పోటీ దానంతటదే కలకాలం ఉంటుందా? అమీర్‌పేట పక్కనే ఉన్న బేగంపేట విమానాశ్రయం కథ ఉండదనే చెబుతుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ ఇక్కడి నుంచే ఎగిరేది. 1953లో చట్టం చేసి మరో ఏడు సంస్థలతో పాటు దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. ఆ చట్టం 1994లో రద్దయింది. ఈస్ట్‌వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ వచ్చి పోయాయి. ఎయిర్ దక్కన్ చవక టికెట్లతో చిన్న ఊళ్ళవాళ్ళను విమానం ఎక్కించింది, అదీ మిగల్లేదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో ఆగిపోయాయి. ఇప్పుడు దేశంలో విమానం ఎక్కే పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగో ప్రయాణికులే. టెలిఫోనుదీ ఇదే దారి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు మొదట లైసెన్సు దొరికింది టాటా సెల్యులార్‌కూ, జేటీ మొబైల్స్‌కూ. అప్పట్లో దేశంలో సెల్‌ఫోన్ నిమిషానికి పదహారు రూపాయలు, వచ్చిన కాల్‌కూ డబ్బే. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2009లో సెకనుకు పైసా లెక్క వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో దిగింది. 2014లో ఒక జీబీ డేటా సుమారు 270 రూపాయలు, నాలుగేళ్ళకు పన్నెండు రూపాయల లోపు. ఒకనాడు పది పన్నెండు కంపెనీలున్న చోట ముగ్గురు ప్రైవేటువారు, బీఎస్‌ఎన్‌ఎల్ మిగిలారు. 2024 జులైలో ముగ్గురూ కొద్ది రోజుల తేడాలో చార్జీలు పెంచారు. అడ్డు తీసిన తొలి పదేళ్ళలో కనిపించే దృశ్యాన్ని బట్టి ముప్పయ్యో ఏడు ఎలా ఉంటుందో చెప్పలేం. ప్రవేశం తేలికైనంత మాత్రాన నిలదొక్కుకోవడం తేలిక కాదు.

బంగారం ఈ దారిలో పోలేదు. వందలాది దుకాణాలున్నాయి, ఏ ఒక్కరి చేతిలోనూ బజారు లేదు. అయినా కొనేవాడికి పూర్తి న్యాయం జరగలేదు, ఎందుకంటే ఇక్కడి చిక్కు వేరు. విమానం టికెట్ కొన్నవాడికి తాను ఏం కొన్నాడో తెలుసు. నగ కొన్నవాడికి అందులో బంగారం ఎంతో తెలియదు.

చట్టం రద్దయ్యాక ఎవరైనా కొట్టు తెరవొచ్చు, ఎంతైనా సరుకు పెట్టుకోవచ్చు. గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి, సికింద్రాబాద్ జనరల్ బజార్ వరకే ఉన్న వ్యాపారం పంజాగుట్ట వైపు పాకింది. మద్రాసు నుంచి ఖజానా, కేరళ నుంచి కల్యాణ్, జోయాలుక్కాస్, మలబార్ వచ్చాయి. కానీ '22 క్యారెట్లు' అన్న మాటను తేల్చే గీటురాయి అమ్మేవాడి చేతిలోనే ఉండేది. అతికే చోట కాడ్మియం వాడే కేడీఎం నగ పేరు నాణ్యతకు గుర్తుగా చలామణి అయింది, నిజానికి అది అతుకు సంగతే తప్ప మొత్తం నగకు పూచీ కాదు. తనిష్క్ తన కొట్లలో క్యారెట్‌మీటర్ పెట్టి, ఎవరైనా తమ నగ తెచ్చి చూసుకోవచ్చంది. దశాబ్దాలుగా నమ్మకమైన ఇళ్ళ నుంచి కొన్న నగలు పద్దెనిమిదో పంతొమ్మిదో చూపించడం చూసి ఎంతోమంది ఆడవాళ్ళు నిర్ఘాంతపోయారు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2000లో హాల్‌మార్క్ తెచ్చింది, ఇష్టమైతేనే అంది. తప్పనిసరి చెయ్యడానికి 2021 జూన్ 16 దాకా పట్టింది. గోల్డ్ కంట్రోల్ పోయిన ముప్పై ఒక్కేళ్ళకు!

ఆ ఆలస్యం ఖరీదు ఎవరూ లెక్కగట్టలేదు. ఈ వ్యాసం బలంగా చెప్పదలచిన మాట ఇదే: ఎవరు అమ్మవచ్చు, ఎంత అమ్మవచ్చు అన్న కట్టడిని తీసెయ్యడం ఒక పని. అమ్మిన సరుకు చెప్పినదేనా అని తేల్చే ఏర్పాటు చెయ్యడం ఇంకో పని. మొదటిది ఒక్క చట్టం రద్దుతో ఒక్క రోజులో అయిపోతుంది. రెండోదానికి పరీక్షా కేంద్రాలు, యంత్రాలు, గుర్తులు, తనిఖీలు, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. 1990లోనే రెండూ కలిపి మొదలుపెట్టి ఉంటే ఒక తరం మధ్యతరగతి ఆడవాళ్ళ దాచుకున్న సొమ్ములో కొన్ని క్యారెట్లు మిగిలేవి.

ఇప్పుడు నగ వెనక్కి తిప్పి భూతద్దంలో చూస్తే మూడు గుర్తులుంటాయి. ప్రమాణాల సంస్థ త్రికోణం, 22కే916 అన్న స్వచ్ఛత, ఆరక్షరాల గుర్తింపు నంబరు హెచ్‌యూఐడీ. ఆ ఆరూ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత, పరీక్షించిన కేంద్రం వివరాలు వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఇవి లేని నగ అమ్మకూడదు, రెండు గ్రాముల లోపువాటికీ, ఏడాదికి నలభై లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న కొట్లకూ మినహాయింపు. హాల్‌మార్క్ వెయ్యడానికి నగకు అయ్యే ఖర్చు 45 రూపాయలు, పైన పన్ను. లక్షల రూపాయల సరుకు మీద అపనమ్మకం పోగొట్టడానికి అయ్యే ఖర్చు అంతే. 2021 ఆగస్టులో ఈ కొత్త నంబరుకు వ్యతిరేకంగా నగల వర్తకులు ఒక రోజు బంద్ పాటించారు. వారి అభ్యంతరాల్లో ఆలస్యం, కాగితప్పని వంటివి నిజమైనవే, కానీ కొనేవారి వైపు నుంచి చూస్తే అరవై ఏళ్ళలో ఈ బజారుకు జరిగిన అతి పెద్ద మంచి ఇదే.

ఇక తరుగు. ఈ మాట పుట్టింది కంసాలి కుంపటి ముందు. బంగారం కరిగించి, తీగ లాగి, ఆకురాయితో రాస్తే పొడి రాలుతుంది. కొంత నిప్పులో, కొంత చాపలో, కొంత గోళ్ళ సందుల్లో పోతుంది. పని చేసే చోట నేల ఊడ్చిన దుమ్మును కూడా పారెయ్యరు, దాచి కడిగించి బంగారం తీయిస్తారు. అవుసులాయన ఇంటికొచ్చి పనిచేసే రోజుల్లో ఇంటి పెద్దావిడ ఎదురుగా కూర్చుని తూకం చూసుకునేది. పోయినదానికి కట్టిన లెక్క తరుగు, చేతిపనికి కట్టింది మజూరీ. ఇప్పుడు గొలుసులు యంత్రం మీద అల్లుతున్నారు, నగలు కంప్యూటర్లో గీసి పోత పోస్తున్నారు. రాలిన పొడి దాదాపు అంతా తిరిగి చేతికొస్తుంది. తరుగు శాతం మాత్రం బిల్లు మీద అలాగే ఉంది, ఎందుకంటే ఆ పేరు కింద మజూరీ, అద్దె, ప్రకటనలు, లాభం అన్నీ చేరాయి. యాన్ డి లోకర్, పినెలోపి గోల్డ్‌బర్గ్, అమిత్ ఖండేల్‌వాల్, నీనా పావ్‌చ్‌నిక్ 2016లో భారతీయ కంపెనీల మీద వెలువరించిన పరిశోధన 1990ల సంస్కరణల గురించి సరిగ్గా ఇలాంటిదే చెప్పింది. సుంకాలు తగ్గి ముడిసరుకు చవకై తయారీ ఖర్చు బాగా తగ్గింది, కానీ ధర అంతగా తగ్గలేదు, మధ్యలోది లాభంలోకి చేరింది. ఆ లాభంతో కంపెనీలు కొత్త సరుకులు తెచ్చాయన్న వాదన కూడా ఉంది. పంజాగుట్ట షోరూంలలో ఉన్న నమూనాల సంఖ్య చూస్తే అందులో కొంత నిజం కనిపిస్తుంది.

ఆ నమూనాలు చేసే చేతులు ఎవరివి? హైదరాబాద్ వర్క్‌షాపుల్లో బెంగాల్ నుంచి వచ్చిన కారీగర్లు ఇరుకు గదుల్లో వరసగా కూర్చుని రాళ్ళు పొదుగుతారు. పల్లెల్లో, చిన్న పట్నాల్లో తరాలుగా పని చేసిన విశ్వబ్రాహ్మణ కుటుంబాల్లో చాలామంది కుంపటి వదిలేశారు. 1963లో చట్టం వాళ్ళ పని ఆపింది, 1990 తర్వాత స్వేచ్ఛ వచ్చాక పెద్ద దుకాణం వాళ్ళ పని లాక్కుంది. ఒకే కులవృత్తిని ఆంక్షా దెబ్బకొట్టింది, ఆంక్షను ఎత్తెయ్యడమూ దెబ్బకొట్టింది. చిన్న పరిశ్రమలకు కేటాయించిన సరుకుల జాబితా రద్దు మీద లెస్లీ మార్టిన్, శాంతి నటరాజ్, ఆన్ హారిసన్ చేసిన అధ్యయనంలో, ఆ రద్దు ప్రభావం ఎక్కువగా పడ్డ జిల్లాల్లో మొత్తం ఉద్యోగాలు పెరిగాయని తేలింది. పెరిగినవి కొత్తగా వచ్చిన సంస్థల్లో, పెద్దవాటిలో. పాత చిన్నవాళ్ళు కుంచించుకుపోయారు. మొత్తం కూడిక లాభమే, కానీ లాభపడిన మనుషులు, నష్టపోయిన మనుషులు ఒక్కరు కారు. షోరూంలో నీలం కోటు వేసుకుని నగ చూపించే అమ్మాయి ఉద్యోగం కొత్తదే, మంచిదే. అది కుంపటి ఆరిన ఇంటి కొడుక్కి దొరికిన ఉద్యోగం కాదు.

సర్కారుకు మాత్రం పాత అలవాటు పూర్తిగా పోలేదు. 2013లో రూపాయి పడిపోతుంటే సుంకం పది శాతానికి చేరింది, తెచ్చిన బంగారంలో ఐదో వంతు నగలుగా ఎగుమతి చెయ్యాలన్న 80:20 నియమం వచ్చింది. 2014 నవంబరులో ఆ నియమం ఎత్తేశారు. 2022 జులైలో సుంకం పదిహేను శాతానికి ఎక్కింది. ఎక్కినప్పుడల్లా శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చెప్పుల అడుగుల్లో, లోదుస్తుల్లో, పేస్టు చేసి దాచిన బంగారం దొరుకుతూ వచ్చింది. 1963 నాటి కథే మళ్ళీ. 2024 జులై 23 బడ్జెట్‌లో సుంకం ఆరు శాతానికి దిగింది. ఆ రోజే పది గ్రాముల మీద మూడు వేలకు పైగా తగ్గింది, పంజాగుట్టలో వారం రోజులు నిలబడ్డానికి చోటు లేదు.

గొలుసు చూస్తున్న తల్లీకూతుళ్ళు పాత వంకీ ఒకటి తెచ్చారు. అమ్మమ్మది. పాత బంగారం కౌంటర్‌లో యంత్రం కింద పెడితే అద్దం మీద అంకె పందొమ్మిది క్యారెట్ల దగ్గర ఆగింది. కొన్నప్పుడు ఇరవై రెండని చెప్పారట. తల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎస్టిమేట్ కాగితం అడిగింది. బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ రుసుము బిల్లులో విడివిడిగా రాయాలని నిబంధన ఉంది, తరుగు ఇంత దాటకూడదని ఏ నిబంధనా లేదు. కూతురు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసింది. ఇద్దరూ రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్ళారు. తలుపు దగ్గరే నిలబడ్డ కుర్రాడు మంచినీళ్ళిచ్చి, ఫోన్‌లోని ఫొటో చూసి అడిగాడు:

"వాళ్ళు తరుగు పద్నాలుగు వేశారా అమ్మా? కూర్చోండి, నేను పన్నెండుకు చూస్తా."